రక్తం తీయకుండా డి విటమిన్ ఎంతుందో తెలుస్తుందా?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. అమ్మగారికి 62 ఏళ్లు, తెనాలి దగ్గర ఉంటారు. ఏడాదిగా నడుము, తొడలు నొప్పి. కింద కూర్చుంటే మంచం కోడు పట్టుకోకుండా లేవలేకపోతున్నారు. ఒకసారి రక్తం ఇస్తూ కళ్లు తిరిగి పడిపోయారు, అప్పటి నుంచి ల్యాబ్ పేరెత్తితే వద్దంటున్నారు. ఈలోగా ఒక క్యాంపులో చేతికి లోహపు కడ్డీ ఇచ్చి నిమిషం పట్టుకోమన్నారు. కంప్యూటర్ నుంచి బోలెడు పేజీల రిపోర్టు వచ్చింది. అందులో డి విటమిన్ బాగా తక్కువ ఉందని చెప్పి, ఒక పొడి డబ్బా కొనమన్నారు. ఉమ్మి, మూత్రం, వెంట్రుకలు, ఫోన్ యాప్ వీటిలో దేనితోనైనా నిజం తెలుసుకోవచ్చా అని మీరు అడుగుతున్నారు.

నేను ఇరవై ఆరేళ్లుగా జనరల్ మెడిసిన్ చేస్తున్నాను. ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు. ముందు సూటిగా జవాబు చెబుతాను: ఒంట్లో డి విటమిన్ ఎంతుందో అంకెతో చెప్పగల నమ్మకమైన పద్ధతి ఈరోజుకి రక్త పరీక్ష ఒక్కటే. కానీ ఆ అంకె అందరికీ అవసరం లేదు. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి కొలవకుండానే రోజువారీ మోతాదు వేసుకోవచ్చు. మీ అమ్మగారి సంగతి వేరు. ఎందుకు వేరో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందు ఆ కడ్డీ సంగతి. దయచేసి ఆ డబ్బా కొనకండి. ఆ యంత్రాన్ని క్వాంటమ్ ఎనలైజర్ అనీ, ఇంకేదో పేరనీ చెబుతారు. అరచేతి చర్మం గుండా కొద్దిపాటి కరెంటు ఎలా పోతుందన్నది చెమటను బట్టి, పట్టు బిగువును బట్టి మారుతుంది. రక్తంలో నానోగ్రాముల లెక్కన ఉండే ఒక పదార్థం గురించి దానికి ఏమీ తెలిసే వీలు లేదు. పట్టుకునే ముందు అమ్మగారి వయసు, ఎత్తు, బరువు అడిగి టైపు చేసి ఉంటారు, గుర్తు చేసుకోండి. నేనొకసారి ఒకే మనిషి చేత పది నిమిషాల తేడాతో రెండుసార్లు పట్టించాను, రెండోసారి వయసు మార్చి చెప్పించాను. రెండు రిపోర్టులూ వేర్వేరుగా వచ్చాయి. పల్లెల్లో పెద్దవాళ్లు పింఛను డబ్బుతో ఈ డబ్బాలు కొనడం చూసినప్పుడల్లా నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక ఉమ్మి, మూత్రం. ఇవి మోసం కాదు, నిజంగానే శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్న దారులు. ఎందుకు కష్టమో అర్థం కావాలంటే డి విటమిన్ ఒంట్లో ఎలా తిరుగుతుందో కొంచెం తెలియాలి. చర్మంలో తయారైనదైనా, మాత్రగా వేసుకున్నదైనా ముందు కాలేయానికి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డి గా మారుతుంది. మనం ల్యాబ్‌లో కొలిచేది దీన్నే. ఇది రక్తంలో రెండు మూడు వారాలపాటు నిలకడగా ఉంటుంది కాబట్టి ఒంట్లో ఉన్న నిల్వకు ఇదే మంచి గుర్తు. ఇందులో నూటికి 85 వంతులకు పైగా, తనకోసమే ఉన్న ఒక ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. మిగిలినదాంట్లో దాదాపు అంతా అల్బుమిన్ అనే రక్తంలోని మరో ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. విడిగా తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఉమ్మిలోకి వచ్చేది ఆ విడిగా ఉన్న చిటికెడే. రక్తంలో నానోగ్రాముల్లో లెక్కపెడితే ఉమ్మిలో పికోగ్రాముల్లో లెక్కపెట్టాలి, అంటే వెయ్యో వంతు కొలత. అంత సన్నటి కొలతకు మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి ఖరీదైన పరికరం కావాలి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం కలిసినా లెక్క తప్పుతుంది. పరిశోధనలో పనికొస్తుంది, మీ అమ్మగారి వైద్యానికి కాదు.

మూత్రం ఇంకా కష్టం. కిడ్నీ వడగట్టినప్పుడు ఆ ప్రోటీన్‌తో పాటు డి విటమిన్ కూడా కొంత కిందికి దిగుతుంది, కానీ కిడ్నీ గొట్టాలు దాన్ని మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. ఒంట్లోంచి బయటకు పోయే డి ఎక్కువగా పైత్యరసం ద్వారా మలంలో పోతుంది. అందుకని మూత్రంలో తక్కువ కనబడితే ఒంట్లో తక్కువ ఉందని అర్థం కాదు.

వెంట్రుకల గురించి మీరు అడిగినదాంట్లో నిజముంది. 2019లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు తల వెంట్రుకల్లోనూ గడ్డంలోనూ 25-హైడ్రాక్సీ డి ని కొలవవచ్చని చూపించారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, పొడవాటి జడలో గడిచిన నెలల చరిత్రంతా దాగి ఉండొచ్చన్నది వాళ్ల ఆలోచన. నాకు చాలా నచ్చిన ఆలోచన అది. కానీ వెంట్రుకలో ఎంత ఉంటే మంచిది, ఎంత ఉంటే లోటు అని చెప్పే పట్టిక ఇంకా లేదు. ఎండ, తలనూనె, హెన్నా, రంగు దాన్ని ఎంత మారుస్తాయన్నదీ తేలాలి. అందుకని ఇప్పటికి వదిలేయండి.

వేలి చివర గుచ్చి, ఒక చుక్క కాగితం అట్ట మీద వేసి ఆరబెట్టి పంపే పద్ధతి కూడా ఉంది. బ్రిటన్, అమెరికాలో ఇంటి దగ్గరే చేసుకునే కిట్లు ఇలాంటివే. అది కూడా రక్తమే, కాకపోతే షుగర్ చూసుకునేటంత పోటు. అక్కడి మనవాళ్లకు సూది భయం ఉంటే అది మంచి దారి. మన ఊళ్లలో మామూలు ల్యాబుల్లో ఇది సాధారణంగా దొరకదు.

అసలు ఈ రక్త పరీక్ష లేని రోజుల్లో డాక్టర్లు ఏం చేసేవాళ్లు? చాలాకాలం ఎముకల్నే చూసేవాళ్లు. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు రికెట్స్, అంటే డి లోటుతో ఎముకలు మెత్తబడి వంగే జబ్బు, ఉన్న పిల్లలకు అతినీలలోహిత దీపం కాంతి పట్టించి, ఎక్స్‌రేల్లో ఎముకలు గట్టిపడటం చూపించారు. ఒక చేతికే వెలుగు పట్టించినా రెండో చెయ్యి ఎముకలు కూడా బాగుపడ్డాయి. చర్మంలో తయారైన ఏదో పదార్థం రక్తం ద్వారా ఒళ్లంతా తిరుగుతోందని దాంతో తెలిసింది. ఆ కనబడని పదార్థానికి 1922లో డి అని పేరు వచ్చింది. 25-హైడ్రాక్సీ రూపాన్ని అమెరికాలో విస్కాన్సిన్‌లో గుర్తించింది 1968లో, రక్తంలో దాన్ని కొలిచే పరీక్ష వచ్చింది 1971లో. అంటే పేరు పెట్టిన తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఈ అంకె లేకుండానే వైద్యం జరిగింది. ఒళ్లు చెప్పే గుర్తుల్ని బట్టి, తిండినీ ఎండనూ బట్టి, ఎక్స్‌రేను బట్టి జరిగింది. ఆ చూపు ఇప్పటికీ పనికొస్తుంది, దాని హద్దు తెలిసి వాడితే.

పెద్దవాళ్లలో బాగా లోటుగా ఉంటే ఎముక మెత్తబడుతుంది. నొప్పి కీళ్ల దగ్గర కాకుండా ఎముకల్లో, తుంటి చుట్టూ, నడుము కింద, పక్కటెముకల్లో ఉంటుంది. కాలి ముందరి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే కొందరు కెవ్వుమంటారు. దీనికంటే నేను ఎక్కువ పట్టించుకునేది తొడ కండరాల బలహీనతను. పీట మీద నుంచి లేవడం, బస్సు మెట్టెక్కడం, మరుగుదొడ్డిలో కూర్చుని లేవడం కష్టమవుతాయి. నడకలో ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. గోడకు ఆనించిన కుర్చీలో అమ్మగారిని కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే నిలబడండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. చేతుల ఊతం లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే అది తీసిపారేసే సంగతి కాదు.

కానీ ఇవన్నీ డి విటమిన్ లోటును మాత్రమే చెప్పే గుర్తులు కావు. థైరాయిడ్ తక్కువైనా తొడలు ఇలాగే బలహీనపడతాయి. కొలెస్ట్రాల్ మాత్రలు పడకపోయినా అంతే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో పిల్లల దొడ్డికాళ్లు, పెద్దవాళ్ల నడుము పట్టేయడం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కూడా వస్తాయి. ఆ ప్రాంతాల నుంచి వచ్చినవారిని ఏ బోరు నీళ్లు తాగి పెరిగారో అడగకుండా నేను ఏదీ తేల్చను.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. పదిహేనేళ్ల కిందట యాభై దాటిన ఒకావిడ సరిగ్గా మీ అమ్మగారిలాంటి బాధలతోనే వచ్చారు. ఆవిడా సూదికి ఒప్పుకోలేదు. గుర్తులన్నీ కలుస్తున్నాయి, ఎండలోకి వెళ్లరు, పాలు తాగరు, ఇంకేం కావాలనుకుని పరీక్ష లేకుండా వారానికి 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి ప్యాకెట్ రాసిచ్చాను. ఆరు వారాల తర్వాత దాహం, మలబద్ధకం, వాంతులతో తీసుకొచ్చారు, మాట తడబడుతోంది. అప్పుడు చూస్తే రక్తంలో కాల్షియం 13 ఉంది. మెడలో, రక్తంలోని కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి మీద చిన్న గడ్డ ఉంది. ఎముకల నొప్పి దానివల్లే. కాల్షియం ముందే ఎక్కువగా ఉన్న మనిషికి నేనిచ్చిన మందు ఇంకా పెంచింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ కోలుకున్నారు. కానీ ఆ రెండు మూడు రోజులు నేను నిద్రపోలేదు. మొదటి రోజే కాల్షియం చూసి ఉంటే దొరికిపోయేది. అమ్మగారికి ఒక్కసారైనా రక్తం చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే, డి అంకె కోసం కాదు. ఆ నొప్పికి వేరే కారణం లేదని, పెద్ద మోతాదు ఇస్తే ప్రమాదం లేదని తెలియాలి.

ఎక్స్‌రే కూడా రక్తం లేని పరీక్షే. ముదిరిన లోటులో తుంటి ఎముక మీద, తొడ ఎముక మెడ దగ్గర సన్నటి అడ్డగీతలు కనబడతాయి, లూజర్ జోన్లు అంటారు. చిన్న పిల్లల్లో మణికట్టు దగ్గర ఎముక చివర గిన్నెలా గుంటపడి, అంచు చీరె కొంగులా పోగులు పోగులుగా ఉంటుంది. ఇవి కనబడితే లోటు బలంగా ఉన్నట్టే. కనబడకపోతే మాత్రం లోటు లేదని కాదు, ఎముక చాలా దెబ్బతిన్నాకే ఎక్స్‌రేలో తెలుస్తుంది. డెక్సా స్కాన్ ఎముక సాంద్రతను చూపిస్తుంది, డి విటమిన్‌ను కాదు.

యాప్‌ల గురించి అడిగారు. అవి మీరున్న ఊరు, తేదీ, సమయం, చర్మపు రంగు, కప్పుకున్న బట్టల్ని బట్టి ఎంత తయారై ఉండొచ్చో అంచనా వేస్తాయి. రక్తంలో ఎంతుందో వాటికి తెలియదు. అదే అంచనాను ఫోన్ లేకుండా నీడతో వేయవచ్చు. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నట్టు. డి తయారయ్యే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు అప్పుడు బాగా నేలకు చేరతాయి. నీడ పొడుగ్గా ఉంటే ఆ కిరణాలు గాలిలోనే చాలావరకు ఆగిపోతాయి.

పొద్దున్నే ఆరింటికి, ఏడింటికి లేత ఎండలో నిలబడితే డి వస్తుందని మన ఇళ్లలో తరతరాలుగా చెబుతారు. పసిపిల్లల్ని కూడా ఆ వేళకే ఎండలో పడుకోబెడతారు. ఆ వేళ నీడ మనిషికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఒంటికి హాయిగా ఉంటుంది, డి మాత్రం దాదాపు రాదు. హైదరాబాద్‌లో డిసెంబరు 22న మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 165 సెంటీమీటర్ల మనిషి నీడ 142 సెంటీమీటర్లే పడుతుంది. అంటే మన రెండు రాష్ట్రాల్లో ఏడాది పొడవునా ప్రతిరోజూ పనికొచ్చే ఎండ ఉంది. డిసెంబరులో అది సుమారు 11 నుంచి 1:30 వరకే, మే నెలలో 9 నుంచి 3 దాటేదాకా. మేలో మధ్యాహ్నం పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టకండి, వడదెబ్బ తగులుతుంది. 9, 10 మధ్య చాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. మన రంగు చర్మానికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు కావాలి. ఎండ వల్ల డి మోతాదు మించదు, ఎక్కువైనదాన్ని చర్మంలోనే ఆ వెలుగు విరగ్గొడుతుంది.

ఇంత ఎండ ఉన్నా లోటు ఎందుకంటే మనం అందులో ఉండటం లేదు. తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో డి లోటు, తిండిలో కాల్షియం తక్కువ రెండూ బయటపడ్డాయి. పొలం పనుల్లో తిరిగే పల్లెవాళ్లు పట్నంవాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. అందుకే నేను ఎవరొచ్చినా పదకొండింటికి ఎక్కడుంటారు, ఏం బట్టలు కప్పుకుంటారు అని అడుగుతాను. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ఎండ లెక్క చలికాలంలో పనిచేయదు. బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చర్మంలో డి తయారే కాదని 1988లోనే తేలింది. న్యూజెర్సీలోనూ ఆ నెలల్లో ఎండను నమ్ముకోలేం.

ఇక కొలవకుండానే వేసుకోవడం. 2024లో అమెరికాలోని హార్మోన్ వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్ష మామూలుగా చేయవద్దని చెప్పారు. పిల్లలకు, గర్భిణులకు, 75 దాటినవాళ్లకు పరీక్ష లేకుండానే డి ఇవ్వమన్నారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు, అరవై దాటితే 800 కావాలి. తల్లిపాలు తాగే బిడ్డకు మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్ల చుక్కలు ఇవ్వాలి, పాలల్లో అది సరిపడా ఉండదు. ఇలాంటి చిన్న మోతాదులకు ఏ కొలతా అక్కర్లేదు. చుక్కల మందులో మాత్రం ఒక మిల్లీలీటరుకు 400 యూనిట్లా, 800 యూనిట్లా అన్నది సీసా మీద చదివి వేయండి.

60,000 ప్యాకెట్ అలా కాదు. 800 చొప్పున లెక్కేస్తే ఒక్క ప్యాకెట్ 75 రోజుల మోతాదు. వారానికి ఒకటి అని రాసిచ్చింది రోజుకొకటి అనుకుని వేసుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కిడ్నీలు దెబ్బతిని వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే ప్యాకెట్ మీద ఆదివారం అని పెన్నుతో రాసిస్తాను. కిడ్నీ జబ్బు ఉన్నా, కిడ్నీలో రాళ్లు వచ్చినా, టీబీ లేక ఫిట్స్ మందులు వాడుతున్నా, పొట్ట ఆపరేషన్ అయినా, ఊరికే ఎముకలు విరుగుతున్నా పరీక్ష లేకుండా ఆ మోతాదు ముట్టుకోకూడదు. అమ్మగారిలా ఏడాదిగా నొప్పి, బలహీనత ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి సూది భయాన్ని ఎలా దాటించాలో చూద్దాం. అది మొండితనం కాదు. సూది చూడగానే బీపీ ఒక్కసారిగా పడిపోయే మనుషులు ఉంటారు, ఆవిడ అలాంటివారే. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. టిఫిన్ తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగాక ల్యాబ్ మనిషిని ఇంటికే పిలిపించండి. కుర్చీలో వద్దు, మంచం మీద పడుకోబెట్టి తీయించండి. గంట ముందు మోచేతి మడతలో లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన తిమ్మిరి క్రీమ్ మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పేపరు కప్పి ఉంచండి. పిల్లలకు వాడే సన్న బటర్‌ఫ్లై సూది అడగండి. తీసేటప్పుడు తల అటు తిప్పుకుని, రెండు కాళ్లూ, రెండో చెయ్యీ పిడికిలి బిగించి పది పదిహేను సెకన్లు గట్టిగా ఉంచి వదలమనండి, మళ్లీ బిగించమనండి. బీపీ పడిపోకుండా ఆపేది అదే. మీరు పక్కన కూర్చుని ఏదో ఒక ఊసు చెబుతూ ఉండండి. అయ్యాక పది నిమిషాలు లేవనివ్వకండి. నా దగ్గర ఇలా చేసినవాళ్లలో చాలామంది రెండోసారికి తామే చెయ్యి చాపారు.

ఒక్క గుచ్చుతోనే అన్నీ తీయించండి: 25-హైడ్రాక్సీ విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక మెత్తబడితే పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). చీటీ మీద 25-హైడ్రాక్సీ అనే ఉందో లేదో చూసుకోండి. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకో ఖరీదైన పరీక్ష ఉంది, లోటు ఉన్నా అది మామూలుగానో ఎక్కువగానో రావచ్చు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపించండి, కొన్ని యంత్రాల్లో డి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

డి అంకె మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల పైన ఉంటే ఎముకలకు దాదాపు సరిపోయినట్టే, నొప్పికి వేరే కారణం వెతకాలి. 12 కంటే తక్కువ ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి, కాల్షియం, ఫాస్ఫరస్ కిందికి ఉంటే ఎముక మెత్తబడిందనే అనుమానించాలి. అప్పుడు ప్యాకెట్లు మొదలుపెట్టినా కాల్షియం కూడా తిండిలో ఉండాలి, లేకపోతే ఎముక గట్టిపడటానికి సరుకు ఉండదు. పెరుగు, రాగి జావ, నువ్వులు రోజూ పెట్టండి. మందు మొదలెట్టిన మూడు నెలలకు అదే ల్యాబ్‌లో మళ్లీ చూపించాలి. ఈలోగా ఆ కుర్చీ పరీక్ష రెండు వారాలకోసారి చేసి సెకన్లు రాస్తూ ఉండండి.

రిపోర్టు వచ్చాక డి ఒక్కటే కాకుండా కాల్షియం, క్రియాటినిన్ కూడా రాసి పంపండి, అమ్మగారు వాడే మందులన్నిటి పేర్లతో సహా. ఆ రెండూ చూసేదాకా పెద్ద ప్యాకెట్ వేయవద్దు.